పాస్‌ ఒకరికి... ప్రయాణం ఇంటిల్లిపాదికి!

విశాఖలో విమానం ఎక్కితే దాదాపు నాలుగు గంటల్లో సింగపూర్‌. గుడి ఉంది, గోంగూర దొరుకుతుంది, వీధుల్లో మన మాట వినిపిస్తుంది. అందుకే ఆ దేశం వెళ్తున్నామంటే మనవాళ్లకు పెద్దగా బెంగ ఉండదు. అయితే భూమధ్యరేఖను ఆనుకుని ఉన్న ఆ చిన్న ద్వీపంలో కాపురం పెట్టాలంటే ఆఫర్‌ లెటర్‌లో రాయని సంగతులు చాలానే తెలుసుకోవాలి.

సింగపూర్‌లో ఉద్యోగం ఖాయమైందనగానే ఇంట్లో అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. జీతం ఎంత? ఇంటద్దె ఎంత? నెలకి ఎంత మిగులుతుంది? అక్కడున్న స్నేహితుడికి ఒక్క ఫోన్‌ చేస్తే వీటికి జవాబులు దొరికిపోతాయి. సూట్‌కేసులు సర్దేలోపు అడగాల్సినవి వేరే ఉన్నాయి. అక్కడికెళ్లాక భార్య ఉద్యోగం చెయ్యొచ్చా? పిల్లలు బళ్లో ఏ భాష చదువుతారు? కొడుక్కి పద్దెనిమిదేళ్లొస్తే ఏమవుతుంది? అమ్మానాన్నలు వచ్చి ఎన్నాళ్లు ఉండొచ్చు? ఉద్యోగం పోతే దేశం వదలడానికి ఎన్ని రోజులు గడువిస్తారు? ఉద్యోగానికి పాస్‌, అంటే పని అనుమతి, ఇచ్చేది ఒక్కరికే. దాని షరతులు మాత్రం ఇంట్లో ప్రతి ఒక్కరి మీదా పడతాయి. ఆ లెక్క ముందే చూసుకున్న కుటుంబాలు అక్కడ హాయిగా స్థిరపడుతున్నాయి. చూసుకోనివాళ్లు ఏడెనిమిదేళ్ల తర్వాత, పిల్లలు ఎదిగొచ్చిన వేళ, తేల్చుకోలేని చిక్కుల్లో పడుతున్నారు.

తూర్పు దేశాలకు వెళ్లడం తెలుగువాళ్లకు కొత్త కాదు. రంగూన్‌ రేవుకీ, మలయా తోటలకీ కోస్తా జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లిన తరాలున్నాయి. సింగపూర్‌ తెలుగు సమాజం ఏర్పడింది 1975లో. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌, బ్యాంకింగ్‌ ఉద్యోగాలతో వెళ్లినవాళ్లు అక్కడి తెలుగువాళ్ల సంఖ్యను బాగా పెంచారు. తోట పనికి వెళ్లిన తాతలకు షరతులు చదివి చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు అన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే ఉన్నాయి. చదివే ఓపికే కావాలి.

ఎండ సరే... ఉక్క సంగతో?

‘మన ఎండల కంటేనా!’ అనుకుంటూ వెళ్తారు మనవాళ్లు. నిజమే, రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లకు సింగపూర్‌ వేడి ఒక లెక్క కాదు. అక్కడ ఇప్పటిదాకా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రతే 37 డిగ్రీలు. 1983లో ఒకసారి, 2023 మేలో మరోసారి అంత నమోదైంది. మామూలు రోజుల్లో పగలు 31-33 డిగ్రీలు, రాత్రి 24-25. కానీ గాలిలో తేమ సగటున 80 శాతం పైమాటే. చెమట పడుతుంది కానీ ఆరదు. విశాఖ, కాకినాడ వాళ్లకు ఉక్కపోత తెలిసిందే అయినా మనకది కొన్ని నెలల బాధ. అక్కడ జనవరైనా జులై అయినా అదే ఉక్క. పుష్యమాసపు చలి లేదు, కంబళి తీసే రోజు రాదు.

వాన సంగతీ అంతే. ఏటా 2,100 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది, అంటే హైదరాబాద్‌ వానకు రెండున్నర రెట్లు. ఏడాదిలో దాదాపు సగం రోజులు ఎప్పుడో ఒకప్పుడు జల్లు పడుతుంది. డిసెంబరు, జనవరుల్లో ఈశాన్య రుతుపవనాల ముసురు. మధ్య నెలల్లో తెల్లవారుజామున సుమత్రా ద్వీపం వైపు నుంచి గాలివాన విరుచుకుపడి, గంటా రెండు గంటల్లో వెళ్లిపోతుంది. దాని పేరే ‘సుమత్రా స్క్వాల్‌’. పిడుగులు ఎక్కువ కాబట్టి ఉరుము వినిపిస్తే ఈతకొలనుల్లోంచి అందర్నీ బయటికి పంపేస్తారు.

ఈ వాతావరణం కొత్త కాపురాన్ని మొదట తాకేది వంటింట్లోనే. ఉప్పు చెమ్మగిల్లుతుంది. అప్పడాలు మెత్తబడతాయి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే వారంలో బూజు కడుతుంది. వీడియో కాల్‌లో కిటికీ అవతలి ఎండ చూసి ‘‘అంత ఎండ కాస్తోంది కదే, నాలుగు వడియాలు పెట్టుకోకూడదూ!’’ అని అమ్మ అడుగుతుంది. ‘‘ఎండబెట్టి లోపలికొచ్చేలోపు వానొచ్చేస్తుందమ్మా’’ అంటుంది కూతురు. బీరువాలో పట్టుచీరలు, తోలు బెల్టులు, బూట్లు నెలకోసారైనా బయటికి తీసి గాలి తగలనివ్వకపోతే తెల్లటి బూజు పట్టేస్తాయి. అనుభవమున్న ఇల్లాళ్లు అల్మరాల్లో తేమ పీల్చే డబ్బాలు పెట్టుకుంటారు. అందులో నీళ్లు చేరినప్పుడల్లా పారబోసి కొత్తది పెడతారు.

పగలూ రాత్రీ ఏడాది పొడవునా దాదాపు సమానం. సూర్యోదయం మాత్రం ఏడు గంటల ప్రాంతంలో అవుతుంది. మలేసియా గడియారంతో సమానంగా ఉండాలని 1982 జనవరి 1న సింగపూర్‌ తన సమయాన్ని అరగంట ముందుకు జరుపుకుంది. బడి ఏడున్నరకల్లా మొదలవుతుంది కాబట్టి పిల్లలు చీకట్లోనే బస్సెక్కుతారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క మార్పే కుటుంబ దినచర్యను తలకిందులు చేస్తుంది.

కుండీ కింద పళ్లెం

అక్కడి ప్రభుత్వ హౌసింగ్‌ బోర్డు కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో పౌరులు, శాశ్వత నివాసుల్లో నూటికి 80 మంది దాకా ఉంటారు. బారులు తీరిన వరండాలో మన ఇల్లు ఏదో తేలిగ్గానే తెలుస్తుంది. గుమ్మం పక్కన కరివేపాకు మొక్క, తులసికోట, మల్లెతీగ. ఆ కుండీల కింద పెట్టే పళ్లేలే ప్రమాదం. వాటిలో నిలిచిన నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. జాతీయ పర్యావరణ సంస్థ అధికారులు గుర్తింపు కార్డు చూపించి ఇంట్లోకొచ్చి, టార్చిలైటు వేసి కుండీలు, బకెట్లు, బట్టలారేసే వెదురు గడలు గుచ్చే గొట్టాలు కూడా చూస్తారు. దోమ పిల్లలు కనిపిస్తే 200 సింగపూర్‌ డాలర్ల నుంచి జరిమానా. 2020లో ఆ చిన్న దేశంలో 35 వేలకు పైగా డెంగీ కేసులు వచ్చాయి. ఆ కట్టుదిట్టం అందుకే. వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న మగ దోమల్ని పెంచి కాలనీల్లో వదిలే కార్యక్రమం కూడా 2016 నుంచి నడుస్తోంది. మగ దోమలు కుట్టవు. వాటితో కలిసిన ఆడదోమ పెట్టే గుడ్లు పిల్లలు కావు.

ఇక అద్దె ఒప్పందం. రెండేళ్ల ఒప్పందానికి రెండు నెలల అద్దె డిపాజిట్‌ కట్టడం అక్కడి వాడుక. ఏసీలకు మూడు నెలలకోసారి సర్వీసింగ్‌ చేయించాలని ఒప్పందంలోనే రాస్తారు. ఆ ఖర్చు అద్దెకున్నవాళ్లదే. వాటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ‘డిప్లొమాటిక్‌ క్లాజ్‌’. ఉద్యోగం పోయినా, వేరే దేశానికి బదిలీ అయినా ఏడాది గడిచాక రెండు నెలల నోటీసుతో ఇల్లు ఖాళీ చేసే వెసులుబాటు అది. అది లేని ఒప్పందం మీద సంతకం పెడితే, వెళ్లిపోయాక కూడా మిగిలిన నెలల అద్దె మెడకు చుట్టుకుంటుంది. భారతీయులకు ఇవ్వమనో, ఘాటైన వంటలు వండకూడదనో షరతు పెట్టే యజమానులూ కొందరున్నారు. అది బాధపెట్టే సంగతే. వంట విషయం దాచి ఇల్లు తీసుకుని రోజూ భయపడుతూ తాలింపు వేసుకునే కంటే, మొదటే చెప్పి, ఒప్పుకున్నవాళ్ల దగ్గర దిగడం మంచిదని అక్కడ ఏళ్లుగా ఉంటున్నవాళ్లు చెబుతారు.

సొంతిల్లు మాట తొలి ఏళ్లలో తలపెట్టకపోవడమే మేలు. విదేశీయులు ఇల్లు కొంటే మామూలు స్టాంపు డ్యూటీ కాక అదనంగా 60 శాతం కట్టాలన్న నియమం 2023 ఏప్రిల్‌లో వచ్చింది.

పాయింట్ల లెక్క

చదువుకున్న ఉద్యోగులకిచ్చేది ఎంప్లాయ్‌మెంట్‌ పాస్‌. దానికి 2025 జనవరి నుంచి కనీస నెల జీతం 5,600 సింగపూర్‌ డాలర్లు. ఆర్థిక సేవల రంగంలో అయితే 6,200. వయసు పెరిగేకొద్దీ ఈ కనీసమూ పెరుగుతుంది. నలభై అయిదేళ్లవాళ్లకి 10,700 డాలర్లు ఉండాలి. అంటే ఇరవై అయిదేళ్లకి సరిపోయిన జీతం అక్కడే ఉండిపోతే నలభయ్యో ఏట పాస్‌ పొడిగించరు.

2023 సెప్టెంబరు నుంచి దీనికి ‘కంపాస్‌’ అనే పాయింట్ల పద్ధతి తోడైంది. జీతం, చదువు, కంపెనీలో ఆయా దేశాలవాళ్ల నిష్పత్తి, స్థానికులకిచ్చిన ఉద్యోగాలు చూసి మార్కులేస్తారు. 40 రావాలి. ఇక్కడ మనవాళ్లు గమనించాల్సిన మెలిక ఒకటుంది. ఒక కంపెనీలో భారతీయులు ఎంత ఎక్కువగా ఉంటే, అక్కడ చేరబోయే మరో భారతీయుడికి ఆ పద్దులో మార్కులు అంత తగ్గుతాయి. ‘మనవాళ్లున్న కంపెనీ, రిఫర్‌ చేస్తే చాలు’ అనే పాత ధీమా ఇప్పుడు పనిచేయదు.

కుటుంబాన్ని వెంట తీసుకెళ్లాలంటే నెల జీతం కనీసం 6,000 డాలర్లు ఉండాలి. అప్పుడు జీవిత భాగస్వామికీ, 21 ఏళ్లలోపు పిల్లలకీ డిపెండెంట్‌ పాస్‌ వస్తుంది. 2021 మేకి ముందు ఆ పాస్‌ మీదున్నవాళ్లు తేలిగ్గా అనుమతి లేఖ తెచ్చుకుని ఉద్యోగం చేసేవాళ్లు. ఇప్పుడు ఉద్యోగంలో చేరాలంటే సొంతంగా వర్క్‌ పాస్‌ కావాల్సిందే. హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వదులుకుని భర్త వెంట వెళ్లి, అక్కడ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయిన ఇంజినీర్లు, టీచర్లు ఎందరో! ఇద్దరిలో ఎవరి ఉద్యోగం నిలబడాలి, రెండోవాళ్లు ఏం చేయాలి అన్నది విమానం ఎక్కకముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ‘వెళ్లాక చూద్దాం’ అన్న మాటకి మూల్యం ఎప్పుడూ ఒకరే చెల్లిస్తున్నారు. అది ఎక్కువసార్లు భార్యే.

బడిలో తెలుగు లేదు

సింగపూర్‌ బడుల్లో ఇంగ్లిష్‌తో పాటు మాతృభాష తప్పనిసరి. చైనీస్‌, మలయ్‌, తమిళం అధికార భాషలు. తమిళులు కాని భారతీయ పిల్లలకు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఎంచుకునే వీలుంది. ఆ జాబితాలో తెలుగు లేదు. దాంతో మన పిల్లలు ఎక్కువగా హిందీయో తమిళమో మాతృభాషగా రాస్తారు. ఆరో తరగతి చివర రాసే జాతీయ పరీక్షలో ఆ మార్కులు కూడా కలుస్తాయి కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకునే వీల్లేదు.

ఫలితంగా ఆ పిల్లలకు తెలుగు వారాంతపు తరగతులకో, వంటింటి మాటలకో పరిమితమవుతోంది. తెలుగు సమాజం, మరికొన్ని సంస్థలు ఉగాదికీ సంక్రాంతికీ పద్యాల పోటీలు, నాటికలు పెట్టి పిల్లల్ని దగ్గర చేస్తున్నాయి. వాళ్ల శ్రమ గొప్పది. కానీ ఇంట్లో జరగాల్సిన పనిని వారానికి రెండు గంటల తరగతి భర్తీ చేయలేదు. ఇంట్లో తల్లిదండ్రులిద్దరూ తెలుగులోనే మాట్లాడాలని గట్టిగా అనుకున్న ఇళ్లలోనే పిల్లలు నాయనమ్మతో ఫోన్లో కబుర్లు చెప్పగలుగుతున్నారు. వెళ్లిన మొదటి నెలలోనే ఆ నియమం పెట్టుకోవాలి. పిల్లాడికి పదేళ్లొచ్చాక మొదలుపెడితే సాగదు.

పద్దెనిమిదేళ్ల ప్రశ్న

కొన్నేళ్లు గడిచాక చాలామంది పర్మనెంట్‌ రెసిడెన్సీకి దరఖాస్తు చేస్తారు. లాభాలు కనిపిస్తూనే ఉంటాయి. పాస్‌ పొడిగింపుల బెడద తప్పుతుంది. సీపీఎఫ్‌ అనే భవిష్య నిధి మొదలవుతుంది. మూడో ఏడాది నుంచి, 55 ఏళ్లలోపు ఉద్యోగి జీతంలో 20 శాతం, యజమాని వాటాగా 17 శాతం అందులో పడతాయి. పాస్‌ మీదున్న విదేశీయులకు ఆ సౌకర్యం లేదు, వాళ్ల వృద్ధాప్యానికి వాళ్లే దాచుకోవాలి.

దరఖాస్తులో కొడుకు పేరు చేర్చేముందు మాత్రం ఆగి ఆలోచించాలి. తల్లిదండ్రుల ద్వారా శాశ్వత నివాసం పొందిన మగపిల్లలు నేషనల్‌ సర్వీస్‌ చేయాల్సిందే. పదహారున్నరేళ్లకు పేరు నమోదు, పద్దెనిమిదేళ్లకు పిలుపు. సైన్యంలోనో, పోలీసు శాఖలోనో, సివిల్‌ డిఫెన్స్‌లోనో రెండేళ్లు పూర్తికాలం సేవ. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఏటా కొద్దిరోజులు రిజర్వు శిక్షణకు వెళ్లాలి. తండ్రికి అది వర్తించదు. ఆ భారం మోసేది కొడుకు. సేవ చేయకుండా మధ్యలో శాశ్వత నివాసం వదులుకుంటే, ఆ అబ్బాయి తర్వాతెప్పుడైనా అక్కడ చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు చేసినప్పుడు అది అడ్డుపడుతుంది.

తప్పించుకోవాల్సిన శిక్షగా దాన్ని చూడటం న్యాయం కాదు. అక్కడ చైనీస్‌, మలయ్‌, తమిళ కుటుంబాల మగపిల్లలంతా చేసే సేవే అది. ఆ రెండేళ్లలో తోటివాళ్లతో కలిసిపోయి, ఆ దేశాన్ని తమదిగా చేసుకున్న తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు. అభ్యంతరమల్లా, నాలుగేళ్ల పిల్లాడి తరఫున ఫారం నింపి, అతను పదహారేళ్లకొచ్చేదాకా ఆ మాట ఎత్తకపోవడం మీదే. ఆ దేశంలో పిల్లాణ్ని పెంచదలచుకుంటే ఆ సేవకూ సిద్ధపడాలి. తిరిగి రావాలన్నదే మనసులో ఉంటే దరఖాస్తు అవసరమా అని ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాలి. రెండు దేశాలూ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోవు.

అమ్మానాన్నల మాటేమిటి?

తల్లిదండ్రుల్ని దీర్ఘకాలిక పాస్‌ మీద దగ్గర ఉంచుకోవాలంటే ఎంప్లాయ్‌మెంట్‌ పాస్‌ మీదున్న ఉద్యోగి నెల జీతం కనీసం 12,000 డాలర్లు ఉండాలి. అంతకు తక్కువైతే వాళ్లు సందర్శకులుగా వచ్చి కొన్నాళ్లుండి వెళ్లాల్సిందే. విదేశీయులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ రాయితీ లేదు. ఎంప్లాయ్‌మెంట్‌ పాస్‌ ఉద్యోగులకు ఆరోగ్య బీమా చేయించాలన్న నిబంధన కూడా యజమాని మీద లేదు. ఆఫర్‌ వచ్చినప్పుడు జీతంతో పాటు బీమాలో భార్యాపిల్లలు ఉన్నారా, కాన్పు ఖర్చు వస్తుందా అని రాతపూర్వకంగా అడగాలి. వచ్చి వెళ్లే పెద్దవాళ్లకు ప్రయాణ బీమా లేకుండా టికెట్‌ కొనకూడదు.

దగ్గర దేశం కావడం ఇక్కడ పెద్ద ఊరట. హైదరాబాద్‌కూ విశాఖకూ నేరుగా విమానాలున్నాయి. కబురు అందిన రోజే బయల్దేరి వచ్చేయొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లకు లేని అదృష్టం ఇది.

ఆదివారం టెక్కాలో

ఎక్స్‌పాట్‌ (ప్రవాస ఉద్యోగి) అనగానే ల్యాప్‌టాప్‌ సంచి గుర్తొస్తుంది. ఆదివారం సాయంత్రం లిటిల్‌ ఇండియాకి వెళ్తే మరో ప్రపంచం కనిపిస్తుంది. టెక్కా మార్కెట్‌ నుంచి, 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్‌ ఆలయం దాకా సెరంగూన్‌ రోడ్డంతా సెలవు దొరికిన కూలీలే. భవన నిర్మాణంలో, ఓడల మరమ్మతు యార్డుల్లో పనిచేసేవాళ్లు ఇంటికి డబ్బు పంపడానికి వరసల్లో నిలబడతారు. మైదానాల్లో కూర్చుని ఫోన్లో పిల్లల మొహాలు చూసుకుంటారు. తమిళం, బెంగాలీల మధ్య అక్కడక్కడా మన యాస వినిపిస్తుంది. వాళ్ల దగ్గరుండేది వర్క్‌ పర్మిట్‌. దాని మీద భార్యాపిల్లల్ని తీసుకెళ్లే వీల్లేదు. ఎన్నేళ్లు పనిచేసినా వాళ్లకు ఆ దేశంలో కాపురమన్నది ఉండదు.

వాళ్లలో చాలామంది ఇక్కడ ఏజెంటుకివ్వడానికి చేసిన అప్పు తీర్చడానికే మొదటి ఏడాది కష్టపడతారు. సింగపూర్‌ ఏజెన్సీ ఉద్యోగి దగ్గర గరిష్ఠంగా రెండు నెలల జీతానికి మించి తీసుకోకూడదని అక్కడ చట్టం ఉంది. మన ఊళ్లో మధ్యవర్తి గుంజే లక్షలకు ఆ చట్టం వర్తించదు. ఊరి నుంచి ఒక కుర్రాడు అప్పుచేసి వెళ్తున్నాడంటే, సింగపూర్‌లో స్థిరపడిన చదువుకున్న తెలుగువాళ్లు ఒక్క ఫోన్‌ కాల్‌తో కంపెనీ వివరాలు సరిచూసి చెప్పగలరు. ఆ చిన్న సాయం ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది.

ముప్పై రోజులు

ఉద్యోగం పోయిందనుకుందాం. పాస్‌ రద్దవగానే మామూలుగా 30 రోజుల స్వల్పకాలిక అనుమతి ఇస్తారు. ఆ లోపు మరో ఉద్యోగం చూసుకోవాలి, లేదా బయల్దేరాలి. డిపెండెంట్‌ పాస్‌లూ దాంతోపాటే రద్దవుతాయి. పన్ను బకాయిల లెక్క తేలేదాకా విదేశీ ఉద్యోగికి ఇవ్వాల్సిన చివరి జీతాన్ని కంపెనీ ఆపి ఉంచాలని అక్కడి చట్టం చెబుతుంది. సరిగ్గా డబ్బు అవసరమైన నెలలోనే చేతికి డబ్బు రాదన్నమాట. బడి మధ్యలో పిల్లలు, గడువు తీరని అద్దె ఒప్పందం, అమ్మాల్సిన సామాను అన్నీ ఆ ముప్పై రోజుల్లోనే. అందుకే కనీసం నాలుగు నెలల ఖర్చు ముట్టుకోకుండా పక్కన పెట్టుకోవాలి. జీతం మిగిలేది మొదట అక్కడికే పోవాలి, ఊళ్లో స్థలం కొనడం తర్వాత.

బయల్దేరే ముందు...

• వర్క్‌ పాస్‌ దరఖాస్తు చేసేది, రుసుము కట్టేది కంపెనీయే. పాస్‌ కోసమంటూ ఎవరైనా డబ్బడిగితే అది మోసమే.

• ముందస్తు ఆమోద పత్రం చేతికి రాకుండా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దు. అందులోని జీతం, హోదా ఆఫర్‌ లెటర్‌తో సరిపోలాలి.

• ఏజెంటు ద్వారా వెళ్తుంటే భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌ పోర్టల్‌లో అతని నమోదు చూడండి. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ పనంటూ తీసుకెళ్లి, తెలుగు యువకుల్ని కాంబోడియా, మయన్మార్‌లలోని సైబర్‌ నేర ముఠాలకు అప్పగించిన ఉదంతాలు మరువరానివి.

• ఇండోనేసియా అడవులు తగలబడితే పొగ సింగపూర్‌ని కమ్మేస్తుంది. 2013లో కాలుష్య సూచిక 401కి చేరింది, 2015లో ఒకరోజు బళ్లు మూసేశారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే వైద్యుడిని ముందే సంప్రదించాలి.

• ఇక్కడి బ్యాంకు ఖాతాల్ని ప్రవాసులకిచ్చే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలుగా మార్చుకోవాలి. పాత సేవింగ్స్‌ ఖాతానే వాడుకుంటూ పోవడం నిబంధనలకు విరుద్ధం.

చెప్పి మరీ పిలుస్తోంది

అర్ధరాత్రి ఆడపిల్ల ఒంటరిగా రైలు దిగి ఇంటికి నడిచి రాగల ఊరు అది. బస్సు చెప్పిన సమయానికి వస్తుంది, కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, ఫుడ్‌కోర్టు తరహా హాకర్‌ సెంటర్‌లో కూలీ, మేనేజరు ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. ఆ సుఖాలన్నీ నిజమే, మన పిల్లలకు అవి దక్కాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ దేశం తన షరతులు వేటినీ దాచలేదు. ఎవరికి ఉద్యోగం, ఎవరికి కాదు, ఎవరు ఎన్నాళ్లు, ఎవరి కొడుకు ఏం చేయాలి... అన్నీ రాసి పెట్టింది.

కాబట్టి ఆఫర్‌ వచ్చిన వారంలోనే ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చోండి. భార్య తన ఉద్యోగం గురించి, పిల్లలు తమ బడి గురించి, పెద్దవాళ్లు తమ ఒంటరితనం గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోనివ్వండి. ఎన్నేళ్లు ఉంటారో, ఏ ఏడాది మళ్లీ ఆలోచించుకుంటారో ఒక కాగితం మీద రాసుకోండి. అందరూ ఒప్పుకుని చేసే ప్రయాణమైతే ఆ ఉక్కపోతనూ వాననూ తట్టుకోవచ్చు. ఒక్కరే నిర్ణయించి మిగతావాళ్లని వెంటేసుకుని వెళ్తే, ఎంత మంచి ఊరైనా ఆ ఇంటికి కలిసిరాదు.